గూడబాతుకు సైబీరియా తెలియదు

జూలై రెండో వారం. శ్రీకాకుళం జిల్లా టెక్కలి నుంచి లోపలి ఊళ్లకు వెళ్లే దారిలో ఒక చెరువు ఉంది. దాని పేరు చెప్పను. ఆ చెరువు పాట పాడుకున్న మనిషితో నాకు ఇంకా పని ఉంది. నేను బీమా పాలసీలు కట్టిస్తాను. రోజూ ఆరింటికే బండి తీసి, జనం పొలాలకు బయలుదేరకముందే ఏదో ఒక ఊళ్లో వాళ్లను పట్టుకోవాలి. అయినా ఆ గట్టు మీద పది నిమిషాలు ఆగుతాను. మొదట్లో నడుం నొప్పి వల్ల ఆగేవాణ్ణి. తరవాత నొప్పి పోయింది, ఆగడం మాత్రం పోలేదు.

ఆ రోజు తూము దగ్గరి గుంటలో తప్ప చెరువులో నీళ్లు లేవు. గుంట అంచున ఎవరో సిమెంటు బస్తా పడేశారనుకున్నాను. చూస్తుండగానే బస్తా మెడ చాచింది. బూడిద కలిసిన తెలుపు రంగు, పొట్టి కాళ్లు, మెడ వెనక నూనె లేని జుట్టులా నాలుగు ఈకలు. జానెడున్నర ముక్కు పై అంచు వెంట కుట్టుపని చేసినట్టు చుక్కలు. నీళ్లలోకి దిగి, ముక్కు ముంచి, కింద సంచి నిండగానే గడ్డం రొమ్ముకు ఆనించి నీళ్లన్నీ ఒంపేసింది. అప్పుడు తల పైకెత్తింది. సంచిలో ఏదో రెండుసార్లు కొట్టుకుని మెడలోకి జారింది.

పూర్వం గుంటలోంచి మడిలోకి నీళ్లు తోడడానికి ఇద్దరు మనుషులు చెరో పక్కా నిలబడి, తాళ్లు కట్టిన బుట్టను పట్టుకుని ఊపుతూ గూడ వేసేవారు. ఈ పిట్టకు గూడబాతు అని పేరు పెట్టినవాడు గూడ వేసి చేతులు కాయలు కాసిన రైతే అయ్యుంటాడు. ఇంగ్లీషు నేర్చుకున్న మనం దాన్ని పెలికాన్ అంటున్నాం. ఆ మాట పలికితే మనకు ఏ బొమ్మా కనిపించదు.

ఫోను తీయబోయి ఆగిపోయాను. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. జూలై. నేను ఇన్నేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చిన లెక్క ప్రకారం ఈ పక్షి ఇప్పుడు ఇక్కడ ఉండకూడదు. సైబీరియాలో ఉండాలి.

ఆ లెక్క మీకూ తెలిసిందే. టెక్కలి మండలం తేలినీలాపురంలో సెప్టెంబరు, అక్టోబరు నెలల నుంచి చింతచెట్ల మీద గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు గూళ్లు కడతాయి. పెయింటెడ్ స్టార్కును కొందరు ఎర్రకాళ్ల కొంగ అని రాస్తారు. పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. ఏటా అవి రాగానే ‘విదేశీ అతిథులు వచ్చేశాయి’, ‘సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు దాటి’ అంటూ వార్తలు వస్తాయి. హైదరాబాదు నుంచి వచ్చిన మా బావమరిది పిల్లల్ని కారులో తీసుకెళ్లి ఆ చెట్ల కింద నేనూ అదే చదివాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. రాతప్రతి ఎక్కడిదని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. అందరూ అంటున్న మాట కదా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి పక్షుల పుస్తకం తిరగేశాను. అంతకుముందు దాన్ని బొమ్మలు చూడడానికే వాడేవాణ్ణి, ఈసారి బొమ్మ పక్కనున్న పటం చూశాను. గూడబాతు ఉండేది భారతదేశంలో, శ్రీలంకలో, ఆగ్నేయాసియాలో కొన్ని చోట్ల. పెయింటెడ్ స్టార్కు కథా దాదాపు అంతే. పటంలో రంగు హిమాలయాల దగ్గరే ఆగిపోయింది. సైబీరియా ఆ పేజీలోనే లేదు.

పటం కూడా అవసరం లేదు, కాస్త ఆలోచిస్తే చాలు. ఉత్తర దేశాల నుంచి చలికాలానికి వలస వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు. అది అక్కడి వేసవిలో గుడ్లు పెట్టి, పిల్లల్ని రెక్కలొచ్చేదాకా పెంచి, మంచు పడే ముందు తిండి కోసం ఇటు వస్తుంది. వసంతానికి మళ్లీ తన పుట్టింటికి పోతుంది. చింతకొమ్మ మీద పుల్లలు పేర్చి గుడ్లు పొదుగుతున్న పక్షిని చూపిస్తూ, దీని ఊరు సైబీరియా అనడం, పురిటి మంచం మీదున్న ఆడపడుచును చూపించి ఈవిడ మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చింది అన్నట్టే. పుట్టిన చోటు ఇదైతే పుట్టిల్లు వేరే ఎక్కడో ఎలా అవుతుంది?

ఇదే గూడబాతు నెల్లూరు వైపు నేలపట్టులో గూడు కడుతుంది, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో కడుతుంది. కొల్లేరు దగ్గర ఆరేడులో పెద్ద గూళ్ల కాలనీ ఉన్నట్టు కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు 1946లో చూసి రాశాడు. ఆ కాలనీ తరవాతి కాలంలో ఖాళీ అయిపోయింది. అంటే ఈ పక్షులు కదలవని కాదు, బాగానే కదులుతాయి. ఒక చెరువు ఎండితే ఇంకో చెరువుకు, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు పోతాయి. మన వైపు నుంచి ఇటుక పనులకూ మత్స్యకార పనులకూ వలసపోయే కుటుంబాల్లాగే. వాళ్లను విదేశీయులని ఎవరూ అనరు.

మరి సైబీరియా మాట ఎక్కడ నుంచి వచ్చింది? నా ఊహ ఒకటుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు నిజంగానే సైబీరియా నుంచి తెల్లని పెద్ద కొంగలు వచ్చేవి, సైబీరియన్ క్రేన్లు. తగ్గుతూ తగ్గుతూ 2002 తరవాత అవి రావడం మానేశాయి. కానీ అప్పటికే పాఠ్యపుస్తకాల్లో, దూరదర్శన్‌లో వాటి పేరు మారుమోగిపోయింది. పెద్ద పక్షి, పొడుగు ముక్కు, గుంపుగా వచ్చిందా, అయితే సైబీరియాదే. బియ్యం ఏవైనా బాస్మతి అనే కొట్టువాడి లెక్క ఇది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. నిజమైన సైబీరియా పక్షులు మన చెరువుల్లో ఉన్నాయి, మనం చూడం. నవంబరులో ఇదే గట్టు మీద ఆగితే తూటికాడ కొసన ఒక చిన్న పిట్ట వాలి తోక ఆడిస్తూ ఉంటుంది. పిడికిట్లో పట్టేంత ఉంటుంది. దాని పేరే సైబీరియన్ స్టోన్‌చాట్. బురద అంచున పరుగులు తీసే ఉల్లంకి పిట్టల్లో అన్నిటికన్నా చిన్నది ఒకటుంది. ఇంగ్లీషులో లిటిల్ స్టింట్ అంటారు. పాతిక ముప్పై గ్రాములుంటుంది, పెళ్లి శుభలేఖ అంత బరువు. ఉత్తర ధ్రువానికి దగ్గరగా చెట్లు కూడా మొలవని నేల మీద పుట్టి, ఆసియా ఖండం పొడుగునా ఎగిరొచ్చి, నౌపడ ఉప్పు మడుల పక్కన, మన వరి మళ్ల బురదలో దిగుతుంది. తేలినీలాపురంలో లాగా దానికి బోర్డు లేదు. దాన్ని చూడడానికి ఎవరూ కారు ఆపరు. మనిషి గొంతు వినపడితే చాలు, పది పిట్టలు ఒక్కసారి లేచి, గాలిలో ఒక్కసారి తెల్లగా మెరిసి, మళ్లీ మట్టిలో మట్టి అయిపోతాయి.

సరే, ఈ పక్షులు ఏ లెక్కతో గూడు కడతాయో చెప్పాలంటే నత్తల సంగతికి రావాలి. నా వాదన అసలు అక్కడే ఉంది.

ఇచ్ఛాపురం మండలం తేలుకుంచి ఊళ్లో చెట్ల మీద తొలకరికి కొంచెం ముందు వచ్చి గూళ్లు కట్టేవి నత్తగుల్ల కొంగలు. రెండు దవడలూ కలిపి ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే ఉంటుంది. సరిగ్గా కరవని పాత పట్టకారు లాంటి ముక్కు. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. ఈ కొంగలు మా చెరువుకూ వస్తాయి. ఒకసారి ఉభాల రోజుల్లో, అంటే వరి నాట్లప్పుడు, గట్టు దిగి చూస్తే మడి పక్కన నత్తగుల్లలు కుప్పగా పడి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఎక్కడా పగల్లేదు, కనీసం అంచు కూడా చెదరలేదు. లోపల నత్త మాత్రం లేదు. గోధుమరంగు మూత, గోరుబిళ్ల లాంటిది, విడిగా పక్కన పడి ఉంది. ఇంకోటి తీశాను, అదీ అంతే. అంతవరకూ ఆ సందులో నత్తను పెట్టి అడకత్తెరతో వక్క కత్తిరించినట్టు పగలగొడుతుందనుకునేవాణ్ణి. చాలాకాలం చాలామంది అలాగే అనుకున్నారట. కాదు. కింది దవడ కొన కొంచెం పక్కకు వంగి ఉంటుంది. దాన్ని మూత సందులోంచి లోపలికి దూర్చి, నత్త గుల్లను పట్టుకుని ఉండే కండను తెంపేస్తుంది. ఈ పనంతా తరచూ నీళ్లలోనే, కంటికి కనబడకుండా చేస్తుంది.

మడిలో వంగి నత్తలు ఏరుకుంటున్న ఒక ముసలమ్మ నన్ను చూసి నడుం ఎత్తింది.

“ఏం బాబూ, కొంగ ఎంగిలి చూస్తున్నావా?”

“పగలగొట్టకుండా ఎలా తీసిందో చూస్తున్నానమ్మా.”

“మేము ఉడకబెట్టి పిన్నీసుతో లాగితే గానీ రాదు. దానికి పచ్చిగానే వస్తుంది. ఎవరి విద్య వాళ్లది.” ఒక నత్త బుట్టలో వేసి, మళ్లీ అంది, “వాన పడకపోతే నాకూ లేదు, దానికీ లేదు. ఎండల్లో ఇవన్నీ కిందికి పోయి తలుపేసుకుని పడుకుంటాయి కదా.”

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. చెరువులు ఎండగానే ఈ నత్తలు బురదలోకి దిగి, మూత బిగించుకుని నెలల తరబడి నిద్రపోతాయి. తొలకరి నీళ్లు తగలగానే లేచి పైకి వస్తాయి. నత్తగుల్ల కొంగ గుడ్లు పెట్టే ముహూర్తం దానికి సరిపోయేలా ఉంటుంది. పిల్లలు నోళ్లు తెరిచేసరికి మళ్లనిండా నత్తలుంటాయి. గూడబాతుకు నత్తలు పనికిరావు, చేపలు కావాలి. అందుకే అది వానలు పడి, చెరువులు నిండి, చేపపిల్ల ఎదిగేదాకా ఆగి అప్పుడు గూడు కడుతుంది. పెయింటెడ్ స్టార్కు ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, కాలితో బురద కదుపుతూ, కళ్లు లేనివాడు తడుముకున్నట్టు అటూ ఇటూ ఊపుతుంది. ముక్కుకు చేప తగిలితే టక్కున మూస్తుంది. నీళ్లు మోకాటి లోతు దాటితే దానికి ఆ విద్య పనిచేయదు. అందుకే అది నీళ్లు తీస్తున్న చెరువులు వెతుక్కుంటుంది. మూడు పక్షులు, మూడు ముక్కులు, మూడు పంచాంగాలు. మూడిటికీ తిథులు రాసేది మన వానే. సైబీరియా మంచుతో వీటికి ఏ సంబంధమూ లేదు.

ఇప్పుడు తేలుకుంచి వాళ్ల నమ్మకం చూడండి. పక్షులు వస్తే వానలు బాగుంటాయి, ఊరికి మంచిది అంటారు. వాటి మీద ఎవరూ రాయి వేయరు, వేయనివ్వరు. చెట్టు కింద నడిస్తే ముక్కు మూసుకోవాలి. ఆకులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. గూట్లోంచి జారిన చేప నెత్తిన పడినా పడుతుంది. అయినా ఓర్చుకుంటారు. చదువుకున్నవాళ్లం మనం దాన్ని మూఢనమ్మకం అని ముద్దుగా రాస్తాం. నిజానికి అందులో తిరగబడింది ఒక్కటే, కారణమూ కార్యమూ. పక్షి వస్తే వాన కాదు, వాన తీరు బాగుంటే పక్షి. కానీ పక్షినీ వాననూ ఒకే వాక్యంలో పెట్టింది ఆ ఊరివాళ్లు. మనం ‘విదేశీ అతిథి’ అని రాసి ఆ వాక్యాన్ని మధ్యకు విరిచేశాం. ముసలమ్మ మాటను, పత్రిక మాటను పక్కపక్కన పెడితే నేను ముసలమ్మ మాటనే పుస్తకంలో రాసుకుంటాను.

నా స్నేహితుడు ఒక హైస్కూల్లో మాస్టారు. ఇదంతా విని తాపీగా అన్నాడు, “పోనిద్దూ. ఆ అబద్ధం వల్లే బోర్డు వచ్చింది, రోడ్డు వచ్చింది, జనం వస్తున్నారు. అది మన చెరువులో ఉండే గూడబాతే అని చెప్పు, ఎవడొస్తాడో చూద్దాం. దూరపు చుట్టానికి ఉన్న మర్యాద ఇంటల్లుడికి ఉందా?”

ఈ మాటను తేలిగ్గా కొట్టేయలేను. రెండు రోజులు నన్ను తినేసింది. జనం వస్తారు, నిజమే. కానీ ఏం చూసి వెళతారు? చెట్టు. పిల్లలు ముక్కులు తల్లి సంచిలో దూర్చడం, ఎండకు తల్లి రెక్క గొడుగులా పట్టడం, అదంతా చెట్టు మీదే ఉంటుంది. ఫొటో అక్కడే బాగుంటుంది. కాబట్టి కాపాడాల్సింది చెట్టునే అనుకుంటాం. చెట్టుకు కంచె, చెట్టుకు కావలి, చెట్టు పక్కన ఇంకో చెట్టు. చింతచెట్టంటే మన జిల్లాలకు కొత్త భక్తి కాదు. విజయనగరం పైడితల్లమ్మ జాతరలో ఊరేగించే సిరిమాను కూడా చింతమానే. అమ్మవారు పూజారి కలలో కనబడి ఫలానా ఊళ్లో ఉందని చెబితే వెతికి తెస్తారు. సరే, చెట్టు కావాలి, కాదనను. కానీ గూడు కట్టిన పక్షి పిల్లలకు చెట్టు తినిపించదు. పొద్దున లేచి అది ఎటు పోతుందో అటు చూసేవాళ్లు కావాలి. నౌపడ చిత్తడికి పోతుంది, ఉప్పు మడుల పక్కకు పోతుంది, ఇలాంటి పేరు చెప్పని చెరువులు పాతికకు పోతుంది. అవే దాని అసలు ఊరు. చెట్టు పురిటిల్లు మాత్రమే.

ఆ అసలు ఊరికి మనం ఇచ్చిన మర్యాద ఏమిటో ఈ జిల్లాలో చెప్పనక్కరలేదు. సోంపేట దగ్గర చిత్తడి నేలను జనం బీల అంటారు. సంతబొమ్మాళి వైపు తంపర అంటారు. రెండూ ఎంత చక్కని మాటలు! నీరు, నేల, చేప, గడ్డి, పశువు అన్నీ ఆ రెండక్షరాల్లో, మూడక్షరాల్లో ఇమిడి ఉన్నాయి. కాగితాల్లో ఆ మాటలకు చోటు లేదు, ‘బంజరు’ అన్న మాటకు ఉంది. బంజరు అన్నాక అక్కడ ఏదైనా కట్టవచ్చు. బీలలో ఒకటి, కాకరాపల్లి తంపరలో ఒకటి థర్మల్ విద్యుత్ కేంద్రాలు కడతామన్నారు. అక్కడ చేపలు పట్టుకునేవాళ్లు, పైరు వేసుకునేవాళ్లు అడ్డం నిలబడ్డారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. వాళ్లు పక్షుల కోసం పోరాడలేదు, వాళ్ల బతుకు కోసం పోరాడారు. కానీ తేలినీలాపురం పిల్లపక్షి నోట్లో పడే చేప వాళ్లు కాపాడుకోవాలనుకున్న నీళ్లలాంటి నీళ్లలోదే. ఆ రెండు తేదీలూ ఏ పక్షుల బోర్డు మీదా కనిపించవు. అతిథి సైబీరియా నుంచి వచ్చినప్పుడు తంపరతో దానికేం పని?

మా స్నేహితుడికి నా జవాబు ఇది. దూరపు చుట్టం కొన్ని నెలలుండి పోతుంది, పడుకోవడానికి అరుగు చూపిస్తే సరిపోతుంది. ఇంటి మనిషికి ఏడాది పొడవునా తిండి చూడాలి. మనం ఆ పక్షిని చుట్టాన్ని చేసింది దాని మీద గౌరవంతో కాదని నాకు అనుమానం. మిగతా నెలలన్నీ దాని సంగతి మనకు పట్టకుండా ఉండడానికి అది చాలా అనుకూలమైన బంధుత్వం.

ఇంత వాదించి గెలిచానని సంబరపడుతున్న వారంలోనే చెరువు పాటదారు ఎదురయ్యాడు.

ఆ జూలై పక్షి ఇంకా వస్తూనే ఉంది. అతను తూము మీద కూర్చుని ఉన్నాడు. పక్కన అగ్గిపెట్టె, నాలుగు టపాకాయలు. గుంటలో అతను వదిలిన చేపపిల్ల ఉంది. నీటికాకులను తోలడానికి రోజూ రెండు కాలుస్తాడు.

“పెద్దది కూడా వస్తోందండీ,” అన్నాడు. “సైబీరియాది కదా, దాన్ని తోలితే కేసవుతుందేమోనని ఊరుకుంటున్నాను.”

నాకు తెలిసింది చెప్పకుండా ఉండలేను కదా. సైబీరియాది కాదనీ, ఇక్కడిదేననీ, ఇక్కడిదైనా చట్టం దానికి వర్తిస్తుందనీ, నత్త నుంచి తంపర దాకా మొత్తం చెప్పాను. ఓపికగా విన్నాడు. బీడీ ఒకటి పూర్తయింది.

“అంటే పోదా?”

“ఎక్కడికి?”

“నాలుగు నెలలు తిని పోతుంది కదా అని ఓర్చుకున్నానండీ. మీరేమో ఇది ఇక్కడిదే అంటున్నారు. అయితే ఏడాదంతా నా చేపలేనా? పాట డబ్బు నేను కట్టాను, ఇది కట్టలేదు.”

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మా మాస్టారు ఆ సమయంలో అక్కడ లేకపోవడం నా అదృష్టం. పంట పోతే, పశువు పోతే ఏదో ఒక కాగితం పెట్టుకోవచ్చు, గూడబాతు చేప తింటే ఏ కాగితం పెట్టాలో బీమా పని చేసే నాకే తెలియదు. ఇంటి మనిషి అని నేను సులువుగా అనేశాను. అన్నం పెట్టేది అతను.

రెండు రోజుల తరవాత అటు వెళితే గుంట సగానికి వెదురు గడలు పాతి, వాటి మీద పాత వల కప్పి ఉంది. మిగతా సగం తెరిచే ఉంది. అటు పెద్ద చేపలుంటాయేమో, లేకపోతే వల చాలలేదేమో. నేను అడగలేదు. గూడబాతు వల కట్టిన వెదురుగడ మీద బరువుగా కూర్చుని, గడ వంగుతుంటే రెక్కలు విదిల్చి సర్దుకుంటోంది. అతను గట్టు మీద గొంతుకూర్చుని దాన్నే చూస్తున్నాడు. టపాకాయలు పక్కనే ఉన్నాయి, రాత్రి పడ్డ జల్లుకు తడిసినట్టున్నాయి. బండి చప్పుడు విని తల తిప్పాడు.

“వాయిదా వచ్చే నెల కడతానండీ,” అన్నాడు.